పాఠశాల సంగీత బోధనకు ఉపాధ్యాయ శిక్షణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తర్వాత మీరు:

• పాఠశాల సంగీతం గురించి మన విద్యాపత్రాలు చెప్పినదానికీ, ఉపాధ్యాయ శిక్షణలో జరిగేదానికీ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించగలుగుతారు.
• సరళీస్వర పద్ధతినీ, హంగేరీలో రూపొందిన కొడాయ్ పద్ధతినీ తరగతి గది దృష్టితో పోల్చి, వాటి గుణదోషాలను వివరించగలుగుతారు.
• సంగీతం నేర్పబోయే సాధారణ ఉపాధ్యాయునికి ఏ నైపుణ్యాలు అవసరమో నిర్ణయించగలుగుతారు.
• మీరు పాల్గొన్న శిక్షణను మీరే విమర్శించి, అంచనా వేయగలుగుతారు.

7.1 పరిచయం

ఒక తరగతి గదిని ఊహించుకోండి. ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి, నలభై మంది పిల్లలు. పంద్రాగస్టుకు ఇంకా రెండు వారాలుంది. ప్రధానోపాధ్యాయుడు కొత్తగా చేరిన మాస్టారిని పిలిచి, పిల్లలకు ఒక దేశభక్తి గీతం నేర్పమన్నారు. మాస్టారికి పాటంటే ఇష్టమే. తన గొంతుకు హాయిగా ఉన్న శ్రుతిలో పాట ఎత్తుకున్నారు. పిల్లలు అందుకున్నారు. కొందరు ఆయన మగగొంతును అనుకరించబోయి కిందికి దిగి గొణిగారు. మరికొందరు పైకి వెళ్లి అరిచారు. "ఇంకా గట్టిగా!" అన్నారు మాస్టారు. అరుపు పెరిగింది గాని శ్రుతి కలవలేదు. మూడోరోజు ఆయన ఇద్దరు పిల్లల్ని చూపించి, "మీరు పాడొద్దు, పెదవులు కదిపితే చాలు" అన్నారు. పంద్రాగస్టు నాడు పాట బాగానే జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఇద్దరు పిల్లల సంగతి ఏమిటి? తమకు పాట రాదని వాళ్లకు ఆరోజు తెలిసింది. తెలిసిందని అనడం కన్నా, నమ్మించారని అనడం సరైనది. ఎనిమిదేళ్ల వయసులో పెద్దవాళ్లు చెప్పిన మాట గట్టిగా నాటుకుంటుంది. వాళ్లలో ఒకరు పెద్దయ్యాక ఉపాధ్యాయురాలైతే, "నాకు పాట రాదండీ" అంటూ సంగీతం పీరియడును లెక్కలకు ఇచ్చేయవచ్చు. మీలో కూడా ఈ మాట అన్నవారు, అనుకున్నవారు ఉండే ఉంటారు. ఆ మాట మొదట ఎవరు అన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

మాస్టారు చెడ్డవారు కాదు. పిల్లల గొంతు తన గొంతుకన్నా ఎక్కడ వేరుగా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఈ భాగంలో మన విమర్శ వ్యక్తి మీద కాదు, ఆయనను తయారుచేసిన శిక్షణ మీద. మన శిక్షణ సంగీతాన్ని గురించి మాట్లాడటం నేర్పుతున్నది. మరికొన్ని చోట్ల పాడటం కూడా నేర్పుతున్నది. పిల్లలు పాడుతుంటే వినడం మాత్రం నేర్పడం లేదు. ఈ భాగంలోని ప్రధాన వాదన ఇదే.

7.2 పత్రాలు చెప్పేది, శిక్షణ చేసేది

మొదట విధాన పత్రాలను చూద్దాం. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం–2005 కళావిద్యలో సంగీతం, నృత్యం, దృశ్యకళలు, నాటకం అనే నాలుగు రంగాలను చేర్చింది. దానికి అనుబంధంగా కళల మీద వచ్చిన పత్రం, పదో తరగతి వరకు కళావిద్య తప్పనిసరి విషయంగా ఉండాలని సిఫారసు చేసింది. జాతీయ విద్యావిధానం–2020 పాఠ్య విషయాలకూ, సహపాఠ్య విషయాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదన్నది. మాటల వరకు సంగీతానికి లోటు చేయలేదు.

ఇప్పుడు చట్టం చూడండి. విద్యాహక్కు చట్టం–2009 షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న పాఠశాలలో పిల్లల సంఖ్య 100 దాటితే కళావిద్యకు ఒక పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. ఇందులో మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఆ బోధకుడు పార్ట్‌టైమ్. రెండు, ఆయన బాధ్యత కళావిద్య మొత్తం. అందులో సంగీతం ఒక పాలు మాత్రమే. మూడు, ఒకటి నుంచి ఐదు తరగతులకు అటువంటి బోధకుని ప్రస్తావనే లేదు. గొంతు, చెవి లేతగా ఉండి తేలికగా మలచుకునే వయసు అదే. ఆ వయసులో పిల్లలకు సంగీతం అందాలంటే తరగతి ఉపాధ్యాయుడే అందించాలి. ప్రత్యేక సంగీత ఉపాధ్యాయుడు వస్తాడని ఎదురుచూసే ప్రణాళిక ప్రాథమిక పాఠశాలకు పనికిరాదు.

అయితే తరగతి ఉపాధ్యాయునికి ఏ శిక్షణ ఇస్తున్నాం? జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల తర్వాత బి.ఇడి. రెండేళ్ల కోర్సు అయింది. అందులో వృత్తిసామర్థ్యాల పెంపు కోసం పెట్టిన నాలుగు కోర్సులలో 'విద్యలో నాటకం, కళలు' ఒకటి. ఇది మంచి చేర్పు. అంతకుముందు కళలకు ఈపాటి స్థానం కూడా ఇవ్వని కోర్సులు ఎన్నో. కాని ఈ ఒక్క కోర్సులోనే నాటకం, చిత్రలేఖనం, బొమ్మల తయారీ, నృత్యం, సంగీతం అన్నీ ఇమడాలి. ఇటువంటి చోట ఏది మిగులుతుంది? కాగితం మీద కనబడేది మిగులుతుంది. బొమ్మ గీస్తే రికార్డులో అతికించవచ్చు. పాటను అతికించలేం. అందువల్ల సంగీతం 'వాద్యాల రకాలు', 'వాగ్గేయకారుల పరిచయం' అనే వ్యాసాలుగా మారి రికార్డులోకి చేరుతుంది. మూల్యాంకనం రికార్డు మీద ఆధారపడితే, శిక్షణ కూడా క్రమంగా రికార్డు కోసమే సాగుతుంది. మీ రికార్డు తీసి చూడండి. సంగీతానికి కేటాయించిన పేజీలలో, ఒక పిల్లవాడు పాడినప్పుడు మీరు ఏం విన్నారో రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా?

7.3 సంగీత కళాశాల నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు

"సంగీతం తెలిసినవారినే నియమిస్తే సరిపోతుంది కదా!" అని మీరు అనవచ్చు. ఈ వాదనలో బలం ఉంది. తెలుగునాట సంగీత విద్యకు గొప్ప చరిత్రే ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ప్రారంభమైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే బోధించి, తర్వాత దానికి అధ్యక్షులయ్యారు. ఘంటసాల వంటి గాయకులు అక్కడ చదువుకున్నారు. ఇటువంటి సంస్థలు లేకపోతే గురువు ఇంట్లో మాత్రమే దొరికే విద్య అంతమందికి అంది ఉండేది కాదు.

కాని ఆ సంస్థల లక్ష్యం ఏమిటో గమనించండి. అవి గాయకులనూ, వాద్య విద్వాంసులనూ, శిష్యులకు నేర్పగల గురువులనూ తయారుచేయడానికి పుట్టాయి. వర్ణం, కృతి, రాగాలాపన, స్వరకల్పన అనే మెట్ల మీదుగా విద్యార్థి కచేరీ వైపు నడుస్తాడు. కోరి వచ్చిన శిష్యునికి నేర్పడం ఒక పని. కోరకుండానే తరగతిలో కూర్చున్న నలభై మందికి నేర్పడం వేరొక పని. మొదటి పనిలో ఆరితేరినవారికి రెండోది దానంతట అదే రాదు. సంగీతం బాగా తెలిసినవారికి ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. వారి చెవికి అపశ్రుతి బాధ కలిగిస్తుంది. ఆ బాధలో శ్రుతి కలిసిన పదిమందిని ముందు వరుసలోకి తెచ్చుకుంటారు. మిగిలిన ముప్పైమంది శ్రోతలవుతారు. వార్షికోత్సవానికి పదిమంది చాలు. తరగతికి చాలరు.

అంటే మనకు రెండు రకాల ఉపాధ్యాయులు దొరుకుతున్నారు. ఒకరికి పిల్లలు తెలుసు, సంగీతం తెలియదు. ఇంకొకరికి సంగీతం తెలుసు, తరగతి తెలియదు. శిక్షణ ఈ ఇద్దరినీ కలిపే చోటు కావాలి. ఆ చోటు ఎలా ఉంటుందో తెలియాలంటే, సంగీతంలో మొదటి పాఠం ఏదో, దానిని ఎవరికోసం రూపొందించారో చూడాలి.

7.4 మొదటి పాఠం: సరళీస్వరాలు

కర్ణాటక సంగీతంలో తొలి అభ్యాసం సరళీస్వరాలు. ఈ అభ్యాసక్రమాన్ని ఏర్పరచినది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. రాగం మాయామాళవగౌళ, తాళం ఆది. షడ్జం నుంచి తారాస్థాయి షడ్జం వరకు ఎక్కి, తిరిగి దిగాలి. దాన్ని మూడు కాలాలలో పాడాలి. తర్వాత జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు వస్తాయి.

ఈ పాఠాన్ని తేలిగ్గా తీసిపారేసేవారు దాని తెలివిని చూడలేదనే చెప్పాలి. మాయామాళవగౌళలో పూర్వాంగం, ఉత్తరాంగం ఒకే కొలతతో ఉంటాయి. స–రి దగ్గర చిన్న అంతరం, రి–గ దగ్గర పెద్ద అంతరం, గ–మ దగ్గర మళ్లీ చిన్న అంతరం. ప–ద–ని–స దగ్గర కూడా ఇదే వరుస. చిన్న అడుగు, పెద్ద అడుగు పక్కపక్కనే రావడంతో చెవికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. కింద నేర్చుకున్నది పైన మళ్లీ వస్తుంది. మూడు కాలాల వల్ల లయ స్థిరపడుతుంది. ఒక్క పాఠంలో ఇంత అమరిక ఉండటం గొప్ప విషయం.

ఇప్పుడు ఆ పాఠాన్ని మన నాలుగో తరగతిలోకి తీసుకువద్దాం. ఎనిమిదేళ్ల పిల్లలకు సాధారణంగా హాయిగా పలికే పరిధి, హార్మోనియం మధ్యస్థాయిలో ఒకటో తెల్లమెట్టు నుంచి ఆరో తెల్లమెట్టు దాకా అనుకోవచ్చు. కొందరికి ఇంకా ఎక్కువ ఉంటుంది. మాస్టారు తన ఒకటో శ్రుతిలో పాడితే, పిల్లలు అంతకు ఒక స్థాయి పైన అదే స్వరాన్ని పట్టుకోవాలి. ఆ స్థాయి మార్పు తెలియని పిల్లలు ఆయన గొంతునే అనుకరించబోయి గొణుగుతారు. పరిచయంలో చూసిన తరగతిలో జరిగింది ఇదే. స్థాయి దొరికిన పిల్లలకు కూడా ధైవతం దాటాక గొంతు బిగుసుకుంటుంది. తారాషడ్జం అరుపవుతుంది. టీచరు స్త్రీ అయి, తన అయిదో శ్రుతిలో పాడితే చిక్కు తిరగబడుతుంది. పైస్వరాలు హాయిగా వస్తాయి గాని, కింది షడ్జ, రిషభాలు చాలామంది పిల్లల గొంతులో నలిగిపోతాయి. పైగా షడ్జం పక్కనే ఉండే శుద్ధ రిషభం నలభై గొంతుల్లో ఒక్కటిగా పలకడం పెద్దవాళ్లకే కష్టం.

లోపం పాఠంలో ఉందా? లేదు. ఒక గురువు, ఒకరో ఇద్దరో శిష్యులు, రోజూ సాధన, ఏళ్ల తరబడి సహవాసం అనే ఏర్పాటులో ఆ పాఠం పెరిగింది. శిష్యుని గొంతుకు తగ్గట్టు గురువు శ్రుతి మారుస్తారు. పక్కన కూర్చొని ప్రతి స్వరాన్నీ వింటారు. వారానికి ఒకసారి వచ్చే నలభై నిమిషాల పీరియడులో ఈ ఏర్పాటు లేదు. పాఠాన్ని తెచ్చుకొని, దానికి ప్రాణమైన వినడాన్ని బయట వదిలేశాం. శిక్షణలో 'సరళీస్వరాలు నేర్పుట' అని ఒక అంశం చేర్చి ఊరుకుంటే ఈ పొరపాటు తరాల తరబడి సాగుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(అ) ప్రాథమిక తరగతులలో సంగీత బోధన తరగతి ఉపాధ్యాయుని మీదనే ఎందుకు ఆధారపడుతున్నది?
(ఆ) మాయామాళవగౌళ తొలి అభ్యాసానికి అనుకూలమని చెప్పడానికి రెండు కారణాలు రాయండి.

7.5 కొడాయ్ పద్ధతి: ఏం తీసుకోవాలి, ఏం తీసుకోకూడదు

తరగతి గదినే దృష్టిలో పెట్టుకొని సంగీత బోధన గురించి ఆలోచించినవారిలో హంగేరీకి చెందిన స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882–1967) ముఖ్యుడు. పిల్లల బృందగానం గురించి 1929లో రాసిన వ్యాసంలో ఆయన, ఒక చిన్న ఊరిలో పిల్లలకు పాట నేర్పే ఉపాధ్యాయుడు రాజధానిలోని ఒపేరా నిర్వాహకుని కన్నా ముఖ్యుడని వాదించాడు. నిర్వాహకుడు పనికిరానివాడైతే త్వరలోనే తొలగిస్తారు. ఉపాధ్యాయుడు పనికిరానివాడైతే ఏటేటా వచ్చే పిల్లలలో సంగీతం మీద ప్రేమ చచ్చిపోతూనే ఉంటుంది. ఇది ఆయన తర్కం. 1950లో కెచ్కెమేట్ పట్టణంలో సంగీతానికి ప్రాధాన్యమిచ్చే మొదటి ప్రాథమిక పాఠశాల ఏర్పడింది. తరగతిలో అనుసరించవలసిన క్రమాన్ని చాలావరకు ఆయన శిష్యులూ సహచరులూ రూపొందించారు.

ఈ పద్ధతి సంపూర్ణ స్థాయితో మొదలు కాదు. రెండు స్వరాలతో మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే పంచమ, గాంధారాల మధ్య ఉండేటంత దూరం. పిల్లలు ఆటల్లో ఒకరినొకరు పిలుచుకునేటప్పుడు తరచుగా దొర్లే అంతరం అది. అది కుదిరాక మూడో స్వరం, తర్వాత అయిదు స్వరాల వరుస, చివరికి ఏడు. స్వరాల పేర్లు ఒకే మెట్టుకు కట్టుబడవు. ఎక్కడ ఆధారస్వరం పెట్టుకుంటే అక్కడి నుంచి పేర్లు మొదలవుతాయి. షడ్జాన్ని ఎక్కడైనా నిలుపుకొనే మనకు ఇది కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో జాన్ కర్వెన్ ఉపయోగించిన చేతి సంజ్ఞలను కూడా ఈ పద్ధతి స్వీకరించింది. ఒక్కో స్వరానికి ఒక్కో సంజ్ఞ ఉండటం వల్ల స్వరం ఎత్తు కంటికి కనిపిస్తుంది.

మన శిక్షణ కార్యక్రమాలు కొడాయ్ నుంచి ఏం తీసుకోవాలి? చేతి సంజ్ఞలు తీసుకోవడం తేలిక. ఒక పూట కార్యశాలలో నేర్చుకోవచ్చు, ఫొటోలు కూడా బాగా వస్తాయి. కాని సంజ్ఞలు పద్ధతికి పనిముట్లు మాత్రమే. దాని మూలసూత్రం వేరు: పిల్లవానికి మాతృభాష ఎలాగో, అతను పుట్టి పెరిగిన చోటి జానపద గీతం సంగీతంలో అలాగ. హంగేరీ పిల్లలకు హంగేరీ ఆటపాటలే మొదటి పాఠ్యపుస్తకం. కొడాయ్, ఆయన మిత్రుడు బేలా బార్తోక్ ఏళ్ల తరబడి పల్లెలు తిరిగి పాటలు సేకరించాక పుట్టిన ఆలోచన ఇది. ఆ సేకరణను పక్కనపెట్టి సంజ్ఞలను మాత్రం దిగుమతి చేసుకోవడమంటే, ఊరి నేల చూడకుండా విత్తనం కొనుక్కోవడమే.

కొడాయ్ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. గమకం లేని నిలువు స్వరాల మీద, బృందగానం మీద దాని దృష్టి ఎక్కువ. మన సంగీతంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది. తొలి రెండు మూడేళ్లకు ఆ పద్ధతి సాయపడవచ్చు గాని, అక్కడి నుంచి మన దారి మనమే వేసుకోవాలి.

7.6 మన పిల్లల నోట ఉన్న పాట

ఆ దారి ఎక్కడ మొదలవుతుంది? తెలంగాణలో బతుకమ్మ పాట విన్నవారికి జవాబు సగం తెలుసు. ఒకరు చెబుతారు, మిగిలినవారు అందుకుంటారు. చప్పట్లు, అడుగులు తాళం చూపిస్తాయి. చాలా పాటలు నాలుగైదు స్వరాల లోపలే తిరుగుతాయి. ఊతపదం మళ్లీ మళ్లీ రావడంతో కొత్తవాళ్లు కూడా తొందరగా కలిసిపోతారు. గొంతు బాగోలేదని ఎవరినీ వలయంలోంచి పంపరు. ఆంధ్ర ప్రాంతంలో సంక్రాంతి నెలలో పాడే గొబ్బిపాటలలో కూడా ఇదే అమరిక కనిపిస్తుంది. చెమ్మచెక్క వంటి ఆటల్లో లయ చేతుల్లోనే ఉంటుంది. ఇంత మంచి బోధనా నమూనా మన వీధుల్లోనే ఉండగా, ఉపాధ్యాయ శిక్షణలో అది 'జానపద కళారూపాలు' అనే వ్యాసరచన అంశంగా మిగిలిపోయింది.

అయితే ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. బతుకమ్మ, గొబ్బి ప్రధానంగా స్త్రీల పాటలు, పండుగలకు ముడిపడినవి. తరగతిలో ఉన్న మగపిల్లల మాటేమిటి? వేరే మతాల పిల్లల మాటేమిటి? లంబాడీ తండా నుంచి, కోయ గూడెం నుంచి, ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు తమ పాటలు తమకున్నాయి. ఒక్క వర్గం పాటను 'మన జానపదం' అని తరగతి అంతటికీ పెడితే, ఇద్దరు పిల్లల్ని పెదవులు కదపమన్న మాస్టారికీ మనకూ తేడా ఉండదు. ఈసారి గొంతుకు బదులు ఇల్లు కారణంగా వాళ్లను వెలివేసినట్టవుతుంది. అందుకే ఛాత్రోపాధ్యాయుడు పాటల పుస్తకం కోసం వెతికే ముందు తన తరగతిలోని పిల్లల ఇళ్లలో ఏం పాడుతున్నారో సేకరించాలి. పిల్లల నాలుకల మీద ఆడే సినిమాపాటను కూడా ఈ సేకరణ నుంచి తోసివేయనక్కర్లేదు. దాని పరిధి, మాటలు ఆ వయసుకు తగినవా కాదా అనేదే పరీక్ష.

7.7 పాట పాఠానికి పనిమనిషా?

ఇటీవల శిక్షణలలో 'కళాసమ్మిళిత అభ్యసనం' అనే మాట ఎక్కువగా వినిపిస్తున్నది. ఎక్కాలను పాటగా, ఋతువులను పాటగా, విటమిన్లను పాటగా నేర్పమంటారు. పిల్లలకు ఉత్సాహం వస్తుంది, పాఠం గుర్తుంటుంది. ఇందులో తప్పులేదు. కాని దీన్ని సంగీత బోధన అని లెక్కవేస్తేనే తప్పు. ఎక్కం సరిగ్గా చెప్పారా లేదా అని ఉపాధ్యాయుడు చూస్తాడు. స్వరం కలిసిందా అని చూడడు. ఏడాది పొడవునా ఎక్కాలు పాడిన పిల్లవాడు జూన్‌లో ఏ గొంతుతో వచ్చాడో ఏప్రిల్‌లో అదే గొంతుతో వెళ్లవచ్చు.

మీరు ఏ సంగీత కార్యక్రమాన్ని పరిశీలించినా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పీరియడు తర్వాత పిల్లవాని చెవిలో గాని, గొంతులో గాని, లయలో గాని ఏదైనా మారిందా? జవాబు 'లేదు' అయితే అక్కడ పాట ఉంది, సంగీత బోధన లేదు.

7.8 శిక్షణలో ఏముండాలి?

విమర్శ అంటే లోపాలు లెక్కపెట్టి ఆగడం కాదు. పైన చూసిన విషయాల ఆధారంగా, ప్రత్యేక సంగీత జ్ఞానం లేని సాధారణ ఉపాధ్యాయునికి కావలసిన కనీస శిక్షణను ఇలా ఊహించవచ్చు.

(1) శ్రుతి ఎంపిక: తన శ్రుతికీ, పిల్లల శ్రుతికీ తేడా తెలియాలి. శ్రుతిపెట్టె గాని, ఫోనులో తంబుర మోగించే యాప్ గాని వాడి, పిల్లలకు అనువైన ఆధారస్వరం పెట్టడం సాధన చేయాలి. మగ ఉపాధ్యాయుడు తొలి పంక్తిని శ్రుతి బాగా నిలిచే ఒక పిల్ల చేత పాడించి, మిగిలినవారిని ఆ గొంతును అందుకోమనవచ్చు. తన గొంతులో కన్నా ఆ గొంతులో వాళ్లకు స్వరం తేలికగా దొరుకుతుంది.

(2) వినడం: తరగతి పాడిన అయిదు నిమిషాలను ఫోనులో రికార్డు చేసి, ఇంటికి వెళ్లి వినాలి. ఎక్కడ శ్రుతి జారింది? ఎక్కడ లయ పరుగెత్తింది? ఊపిరి ఎక్కడ తెగింది? ఈ మూడింటికి మూడు వాక్యాలు రాయాలి. ఉపాధ్యాయుని రికార్డు పుస్తకంలో ఉండవలసినవి ఈ వాక్యాలే. రికార్డు చేసేముందు ప్రధానోపాధ్యాయుని అనుమతి తీసుకోవాలి. దానిని ఎవరికీ పంపకూడదు.

(3) గొంతు కలవని పిల్లలతో పని: ఆ పిల్లవాణ్ణి మన స్వరంలోకి లాగే ముందు, అతను పలికిన స్వరాన్ని మనం పలకాలి. అప్పుడు రెండు గొంతులు కలిస్తే ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక్కో మెట్టు పైకి తీసుకువెళ్లాలి. స్వరభేదం నిజంగా గ్రహించలేనివారు కొద్దిమందే. మిగిలినవారికి కావలసింది సమయం.

(4) తాళం దేహంలో: తాళం పేరు చెప్పేముందు నడక, చప్పట్లు, చిటికెలు రావాలి. పాట ఎత్తుగడకు ముందు ఊపిరి తీసుకోమని సంజ్ఞ ఇవ్వడం, అందరినీ ఒకేసారి ఆపడం నేర్చుకోవాలి. చూడటానికి చిన్న పనులు. ఇవి రాకపోతే తరగతి చెదిరిపోతుంది.

(5) మూల్యాంకనం: ఛాత్రోపాధ్యాయుడు ఎంత బాగా పాడాడన్నది మార్కులకు ఆధారం కాకూడదు. ఒకే తరగతి ఒకే పాటను మొదటి వారంలో ఎలా పాడింది, నాలుగో వారంలో ఎలా పాడింది అనే రెండు రికార్డింగులను పోల్చాలి. మార్పు కనబడితే అతను నేర్పినట్టు. మార్పు లేకపోయినా, ఎందుకు రాలేదో అతను చెప్పగలిగితే అతను నేర్చుకున్నట్టు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. "నలభై మంది, ఇన్ని సబ్జెక్టులు, ఇన్ని రిజిస్టర్లు. వీటి మధ్య ఇదంతా ఎవరు చేస్తారు?" న్యాయమైన ప్రశ్నే. కెచ్కెమేట్ పాఠశాలలో పిల్లలు రోజూ పాడేవారు. మనకు వారానికి ఒక పీరియడు దొరికినా అదృష్టమే. కాని ప్రతి పాఠశాలలో రోజూ ప్రార్థనా సమావేశం జరుగుతుంది. అక్కడ పాట ఎలాగూ ఉంది. రోజుకు మూడు నిమిషాలు, సరైన శ్రుతితో, అరుపు లేకుండా, అందరి గొంతుతో పాడించగలిగితే కొత్త పీరియడు అడగకుండానే మొదలుపెట్టవచ్చు. అది పూర్తి పరిష్కారం కాదు. పూర్తి పరిష్కారం నియామకాలలో, సమయ పట్టికలో ఉంది. అవి మారేదాకా పిల్లలు ఆగరు కదా!

దూరవిద్యలో చదువుతున్న మీకు ఇంకొక మాట. అచ్చుపుస్తకం సంగీతం నేర్పలేదు. ఈ పాఠ్యభాగానికి కూడా ఆ పరిమితి ఉంది. సంపర్క తరగతులు కొన్నే ఉంటాయి కాబట్టి, వాటిని ఉపన్యాసాలతో నింపకుండా, అందరూ పాడి, ఒకరినొకరు వినే సమయంగా వాడమని మీ కౌన్సెలర్‌ను అడగండి. అలా అడగడం మీ హక్కు. మిగిలిన సాధనకు మీ ఊరి బడి, మీ వీధి పిల్లలు, మీ చేతిలోని ఫోను ఉన్నాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
(అ) కొడాయ్ పద్ధతికి మూలమైన సూత్రం ఏమిటి?
(ఆ) పాట వినిపించిన ప్రతిచోటా సంగీత బోధన జరిగినట్టు కాదు. ఎందుకు?

7.9 సారాంశం

మన విద్యాపత్రాలు సంగీతానికి గౌరవస్థానం ఇచ్చాయి. ఉపాధ్యాయ శిక్షణ దాన్ని రికార్డు పుస్తకానికి కుదించింది. సంగీత కళాశాలల శిక్షణ కచేరీని లక్ష్యంగా పెట్టుకోవడం వల్ల తరగతి గదికి నేరుగా సరిపోదు. సరళీస్వర క్రమం శాస్త్రీయమైనదే గాని, గురువు పక్కనే ఉండి వినే ఏర్పాటు లేనప్పుడు పిల్లల గొంతుకు బరువవుతుంది. కొడాయ్ పద్ధతి నుంచి మనం తీసుకోవలసింది పిల్లల సొంత పాటతో, కొద్ది స్వరాలతో మొదలుపెట్టాలన్న సూత్రాన్ని. ఆ సొంత పాటను ఎంచుకునేటప్పుడు తరగతిలోని పిల్లలందరి ఇళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి. శిక్షణ కేంద్రంలో ఉండవలసిన నైపుణ్యం వినడం. మన నాలుగో తరగతి మాస్టారికి అది తెలిసి ఉంటే, ఆ ఇద్దరు పిల్లల దగ్గర ఒక్క నిమిషం ఆగి, వాళ్లు పలికిన స్వరాన్ని తానూ పలికేవారు.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పిల్లల గొంతు పరిధిని తెలుసుకోవడం ఉపాధ్యాయునికి ఎందుకు అవసరం?
2. తరగతిలో జానపద గీతాలను ఎంపిక చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సరళీస్వర పద్ధతినీ, కొడాయ్ పద్ధతినీ తరగతి గది దృష్టితో పోల్చి, మీ అభిప్రాయాన్ని సహేతుకంగా రాయండి.
2. మీరు పొందిన లేదా పరిశీలించిన ఒక సంగీత శిక్షణ కార్యక్రమాన్ని విమర్శించండి. ఈ పాఠ్యభాగంలోని అభిప్రాయాలతో మీరు ఏకీభవించని అంశం ఉంటే కారణాలతో చర్చించండి.